క్యూఆర్ కోడ్ ముద్రిస్తే లేబుల్ నిబంధన తీరినట్టేనా?

క్లుప్తంగా: ప్యాకెట్ మీద రాయాల్సిన సమాచారంలో కొంత భాగాన్ని క్యూఆర్ కోడ్ ద్వారా చూపించడానికి పలు దేశాల చట్టాలు ఇప్పుడు ఒప్పుకుంటున్నాయి. ఏ అంశాలను అలా మార్చవచ్చో చట్టమే విడిగా చెబుతుంది. దాని జాబితాలో లేనివన్నీ అచ్చులోనే ఉండాలి. కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే వెబ్ పేజీ కూడా చట్టం దృష్టిలో లేబుల్‌లో భాగమే. కోడ్ తయారు చేయడం నిమిషాల పని. ఆ పేజీని ఏళ్ల తరబడి తప్పుల్లేకుండా నిలబెట్టడమే అసలు కష్టం.

మందుల పెట్టెల మీద, వైన్ సీసాల మీద, టీవీ డబ్బాల మీద, బ్యాటరీల మీద చిన్న నలుపు తెలుపు చదరాలు కనిపించడం మామూలైపోయింది. వీటిలో కొన్ని కంపెనీ ప్రచారం కోసం పెట్టినవి. కొన్ని చట్టం అడిగినందుకు పెట్టినవి. మరికొన్ని, చట్టం అడిగిన వివరాలను అచ్చు వేయకుండా తప్పించుకునే వెసులుబాటు ఉంది కాబట్టి పెట్టినవి. చూడటానికి మూడూ ఒకేలా ఉంటాయి. అందుకే కొనేవాళ్లలోనూ, చిన్న తయారీదారుల్లోనూ అయోమయం నెలకొంది. "కోడ్ పెట్టేశాం కదా, ఇంకేం రాయక్కర్లేదు" అనే అభిప్రాయం అక్కడి నుంచే పుట్టింది. అది తప్పుడు అభిప్రాయం.

## చోటు ఎందుకు చాలడం లేదు

లేబుల్ నిబంధనలన్నీ ఒకే చోట నుంచి రావు. తూనికలు కొలతల శాఖ నికర పరిమాణం, ధర, తయారీదారు చిరునామా అడుగుతుంది. ఆహార భద్రత చట్టం పదార్థాల జాబితా, ఎలర్జీ కలిగించే పదార్థాలు, పోషక విలువలు రాయమంటుంది. రసాయనాల చట్టం ప్రమాద చిహ్నాలు, జాగ్రత్తలు కోరుతుంది. పర్యావరణ చట్టం ప్యాకింగ్ ఏ పదార్థంతో చేశారో, వాడాక ఎలా పారేయాలో చెప్పమంటుంది. ఏ శాఖకు ఆ శాఖ అడిగేది సబబుగానే ఉంటుంది. అన్నీ వచ్చి చేరేది మాత్రం అవే కొద్దిపాటి చదరపు సెంటీమీటర్లలోకి.

పోనీ, అక్షరాలను చిన్నవి చేసి ఇరికిద్దామంటే దానికీ హద్దుంది. యూరోపియన్ యూనియన్ ఆహార లేబుళ్లలో ఇంగ్లిష్ చిన్న అక్షరం 'ఎక్స్' ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. ప్యాకెట్‌లో అతి పెద్ద ముఖం 80 చదరపు సెంటీమీటర్ల కంటే చిన్నదైతే 0.9 మిల్లీమీటర్లు సరిపోతాయి. అంతకంటే తగ్గించడం కుదరదు. ఆ యూనియన్‌లో అధికార భాషలే 24 ఉన్నాయి. ఒకే ప్యాకెట్‌ను ఐదారు దేశాల్లో అమ్మాలనుకుంటే ఒకే వాక్యాన్ని ఐదారు భాషల్లో అచ్చు వేయాలి.

ఇంకో ఖర్చు పైకి కనిపించదు. నిబంధనలో ఒక్క మాట మారినా ఆర్ట్‌వర్క్ మార్చాలి, కొత్త ప్లేట్లు లేదా సిలిండర్లు చేయించాలి, ముందే అచ్చు వేసి గోదాములో పెట్టుకున్న కవర్లను పారేయాలి. ఇటలీ 2020లో తెచ్చిన పర్యావరణ లేబుల్ నిబంధనలు వాయిదాలు పడి చివరికి 2023 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. ప్యాకింగ్‌లోని ఒక్కో భాగం ఏ పదార్థమో, ఎక్కడ పారేయాలో చెప్పాలన్నది వాటి సారాంశం. మూత ఒకటి, సీసా ఒకటి, పై పొర ఇంకొకటి అనుకుంటే ఎంత రాయాలో ఊహించవచ్చు. ఆ వివరాలను డిజిటల్ మార్గంలోనూ ఇవ్వవచ్చని అక్కడి ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వడంతో కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి.

## కోడ్ లోపల ఉండేది ఏమిటి

1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థ వాహన విడిభాగాల లెక్క కోసం క్యూఆర్ కోడ్‌ను రూపొందించింది. అతి పెద్ద పరిమాణంలో ఈ కోడ్ 7,089 అంకెలు పట్టగలదు. ఆ లెక్కన లేబుల్ మొత్తాన్నీ కోడ్‌లోనే దాచవచ్చు కదా అనిపిస్తుంది. కానీ అంత సమాచారం పట్టాలంటే కోడ్‌లో ఒక్కో వైపు 177 గళ్లు ఉండాలి. ఫోన్ కెమెరా హాయిగా చదవాలంటే అది అరచేతి కంటే తక్కువ సైజులో ఉండకూడదు. కాబట్టి ప్యాకెట్ల మీద కనిపించే కోడ్‌లో మామూలుగా ఉండేది ఒక వెబ్ చిరునామా మాత్రమే. సమాచారమంతా ఎక్కడో ఒక సర్వర్‌లో ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే మిగతా విషయమంతా సులువుగా అర్థమవుతుంది. సమాచారాన్ని తనలోనే ఉంచుకునే కోడ్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు, కాలంతో పాటు అది చెప్పేది మారదు. చిరునామాను మాత్రమే ఉంచుకునే కోడ్‌కు నెట్‌వర్క్ కావాలి, సర్వర్ పనిచేస్తూ ఉండాలి, ఆ డొమైన్‌కు, అంటే వెబ్‌సైట్ పేరుకు, ఎవరో ఏటా డబ్బు కట్టాలి.

చట్టాలు ఈ రెండు రకాలనూ వాడుకున్నాయి. యూరప్‌లో 2019 ఫిబ్రవరి 9 నుంచి ప్రిస్క్రిప్షన్ మందుల పెట్టెల మీద క్యూఆర్‌కు దగ్గరి బంధువైన డేటా మాట్రిక్స్ కోడ్ తప్పనిసరి. ఉత్పత్తి కోడ్, సీరియల్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అందులోనే ఉంటాయి. వెబ్ చిరునామా ఉండదు. భారత్‌లో ఎక్కువగా అమ్ముడయ్యే 300 మందుల బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరైంది. ఉత్పత్తి గుర్తింపు కోడ్, మందు జెనరిక్ పేరు, బ్రాండ్ పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు అందులో దొరకాలి. కోడ్‌ను స్ట్రిప్ లేదా సీసా లేబుల్ మీదే వేయాలి. అక్కడ చోటు లేకపోతే బయటి పెట్టె మీద వేయవచ్చు.

మందుల విషయంలో ఉన్నవాటికి అదనంగా కోడ్ వచ్చింది. అచ్చులో ఉండాల్సినవేవీ దానివల్ల తగ్గలేదు. ఈ వ్యాసంలో ప్రధానంగా చూడాల్సింది రెండో రకం చట్టాలను, అంటే అచ్చు వేయాల్సిన వాటిని కోడ్ ద్వారా చూపవచ్చని చెప్పేవాటిని.

## చట్టాలు గీసిన గీత

భారత్‌లో ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలకు 2022 జూలైలో వచ్చిన సవరణ దీనికి మంచి ఉదాహరణ. ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీదారులు కొన్ని వివరాలను ప్యాకెట్ మీద కాకుండా క్యూఆర్ కోడ్ ద్వారా చెప్పవచ్చని, తొలుత ఏడాది పాటు అనుమతిచ్చారు. ఆ జాబితా చాలా చిన్నది. తయారీదారు, ప్యాకర్ లేదా దిగుమతిదారు చిరునామా. వస్తువు సాధారణ పేరు. సైజు, కొలతలు. కస్టమర్ కేర్ వివరాల్లో ఫోన్ నంబరు, ఈమెయిల్ మినహా మిగతావి. అంతే. ఎంఆర్‌పీ, నికర పరిమాణం ఎప్పటిలాగే డబ్బా మీదే ఉండాలి. మిగతా వివరాల కోసం కోడ్ స్కాన్ చేయమని డబ్బా మీద రాయాలి కూడా.

కస్టమర్ కేర్ చిరునామాను కోడ్‌కు వదిలేసి, ఫోన్ నంబరును మాత్రం అచ్చులో ఉంచమనడం వెనుక ఆలోచన ఉంది. స్కాన్ చేయలేని మనిషికి, లేదా కోడ్ పనిచేయని రోజున, ఆ నంబరే ఆఖరి దారి.

ఇదే తర్కం యూరప్ వైన్ నిబంధనల్లోనూ కనిపిస్తుంది. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్లకు పదార్థాల జాబితా, పోషక వివరాలు తప్పనిసరి అయ్యాయి. వాటిని కోడ్ ద్వారా చూపవచ్చు. కానీ ఎలర్జీ కలిగించే పదార్థాలు, శక్తి విలువ సీసా మీదే ఉండాలి. సల్ఫైట్లు పడనివాళ్లకు ఆ సంగతి ఫోన్ తీయకముందే తెలియాలి కదా.

రసాయనాల లేబుళ్ల చట్టాన్ని యూరప్ 2024లో సవరించినప్పుడూ ప్రమాద చిహ్నాలను, హెచ్చరికలను కదపలేదు. అదనపు సమాచారంలో కొన్ని అంశాలను మాత్రమే డిజిటల్ లేబుల్‌లోకి వెళ్లనిచ్చింది. కంట్లో ద్రవం చిందిన వ్యక్తిని పేజీ లోడ్ అయ్యేదాకా ఆగమనలేం. ఈ మూడు చట్టాలు వేర్వేరు రంగాలవి, వేర్వేరు కారణాలతో వచ్చినవి. అయినా ప్రాణానికి, ఆరోగ్యానికి, డబ్బుకు వెంటనే సంబంధించినది చేతిలోని ప్యాకెట్ మీదే ఉండాలన్న చోట మూడూ కలుస్తున్నాయి. తీరిగ్గా చూసుకోదగినది మాత్రమే కోడ్‌కు వెళుతోంది.

కోడ్ పక్కన ఏం రాయాలన్నది కూడా చిన్న విషయం కాదని వైన్ ఉత్పత్తిదారులకు గట్టిగానే తెలిసొచ్చింది. చాలామంది కోడ్ దగ్గర సమాచారానికి గుర్తుగా 'ఐ' అనే అక్షరం పెట్టి లేబుళ్లు అచ్చు వేయించుకున్నారు. అమలు తేదీకి రెండు వారాల ముందు, 2023 నవంబర్ చివర్లో యూరోపియన్ కమిషన్ విడుదల చేసిన మార్గదర్శకాలు ఆ గుర్తు చాలదని, 'పదార్థాలు' అని అర్థమయ్యే మాట ఉండాలని చెప్పాయి. అప్పటికే లేబుళ్లు సిద్ధం చేసుకున్నవాళ్లు గగ్గోలు పెట్టాక కొంత గడువు దొరికింది. సూత్రపరంగా కమిషన్ వాదనే సరైనది. స్కాన్ చేస్తే ఏం వస్తుందో ముందే తెలియకపోతే, వెతుక్కునేవాళ్లకు ఆ కోడ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కానీ ఆ మాట రెండు వారాల ముందు చెప్పడం వల్ల నష్టపోయింది చిన్న ఉత్పత్తిదారులే.

## అమెరికాలో కోర్టు దాకా వెళ్లిన కోడ్

స్కాన్ చేయగలిగేవాళ్లు ఎందరన్న ప్రశ్న అందరికంటే ముందు తెర మీదికి వచ్చింది అమెరికాలో. జన్యుమార్పిడి ఆహారాన్ని గుర్తించే లేబుళ్ల కోసం 2016లో అక్కడ సమాఖ్య చట్టం వచ్చింది. కంపెనీలు మాటల్లో రాయవచ్చు, గుర్తు వేయవచ్చు, లేదా డిజిటల్ లింకు ఇవ్వవచ్చని ఆ చట్టం చెప్పింది. లింకు ఇచ్చేటట్టయితే మరింత సమాచారం కోసం ఇక్కడ స్కాన్ చేయండి అనే అర్థం వచ్చే వాక్యంతో పాటు ఒక ఫోన్ నంబరు కూడా ఉండాలి.

డిజిటల్ లింకు ప్రజలకు నిజంగా అందుతుందా లేదా అధ్యయనం చేయాలని, అందదని తేలితే అదనపు మార్గం చూపాలని అదే చట్టం వ్యవసాయ శాఖను ఆదేశించింది. 2017లో వచ్చిన అధ్యయనం వినియోగదారులకు సాంకేతిక ఇబ్బందులు ఉంటాయని తేల్చింది. చాలామందికి ఆ కోడ్ ఆహార వివరాల కోసమని తెలియదు, దుకాణాల్లో సిగ్నల్ సరిగా ఉండదు. దాంతో వ్యవసాయ శాఖ టెక్స్ట్ మెసేజ్ పంపి వివరాలు తెలుసుకునే మరో పద్ధతిని చేర్చింది. నిబంధన 2022 జనవరి 1 నుంచి తప్పనిసరైంది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని సమాఖ్య కోర్టు ఈ ఏర్పాటు చట్టం ఉద్దేశానికి తగ్గట్టు లేదని చెప్పి, డిజిటల్ లింకు, టెక్స్ట్ మెసేజ్ నిబంధనలను తిరిగి పరిశీలించమని శాఖకు పంపింది. కోడ్ ఒక్కదాని మీద ఆధారపడితే సమాచారం ఇచ్చినట్టు కాదన్న పిటిషనర్ల వాదనకు అక్కడ బలం దొరికింది.

## పేజీ కూడా లేబులే

కోడ్ వెనక ఉన్న పేజీని కంపెనీ మార్కెటింగ్ విభాగం సహజంగానే ఒక అవకాశంగా చూస్తుంది. కొనేవాడు తనంతట తాను ఫోన్ తీసి పేజీ తెరిచాడు. ఒక ప్రకటన చూపిద్దాం, నంబరు తీసుకుందాం, ఎక్కడి నుంచి స్కాన్ చేశాడో గుర్తుపెట్టుకుందాం అనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే చట్టాలు గట్టిగా అడ్డుకుంటున్నాయి. వైన్ నిబంధనల ప్రకారం ఆ పేజీలో వినియోగదారుల డేటా సేకరించకూడదు, వారిని ట్రాక్ చేయకూడదు, పదార్థాల జాబితాతో పాటు అమ్మకాల ప్రచారం చూపకూడదు. అమెరికా చట్టం కూడా వ్యక్తిగత వివరాల సేకరణను నిషేధించింది, తెరుచుకునే మొదటి పేజీలోనే ప్రచారం లేకుండా వివరాలు ఉండాలంది.

రసాయనాల డిజిటల్ లేబుల్‌కు యూరప్ పెట్టిన షరతులు ఇంకా వివరంగా ఉన్నాయి. రెండు క్లిక్కులు మించకుండా సమాచారం దొరకాలి. యాప్ డౌన్‌లోడ్ చేయమనకూడదు, రిజిస్ట్రేషన్, పాస్‌వర్డ్ అడగకూడదు, డబ్బు తీసుకోకూడదు. సమాచారం కనీసం 10 ఏళ్లు అందుబాటులో ఉండాలి. ఎవరైనా అడిగితే, లేదా పేజీ తాత్కాలికంగా పనిచేయకపోతే, అదే సమాచారాన్ని వేరే మార్గంలో ఉచితంగా ఇవ్వాలి. ఆ మనిషి వస్తువు కొన్నాడా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. డిజిటల్ లేబుల్ నియమాల్లో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే మంచి నమూనా. ఇంకా స్పష్టమైన చట్టం లేని చోట కూడా తయారీదారులు ఈ షరతులనే కొలబద్దగా పెట్టుకుంటే తర్వాత తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

10 ఏళ్ల షరతు ఎందుకో 2015లో జర్మనీలో జరిగిన సంఘటన చెబుతుంది. హైంజ్ కెచప్ సీసా మీద ఉన్న కోడ్‌ను ఒక వినియోగదారుడు స్కాన్ చేస్తే అశ్లీల వెబ్‌సైట్ తెరుచుకుంది. ఆ కోడ్‌ను అప్పటికే ముగిసిపోయిన ఒక పోటీ కోసం ముద్రించారు. పోటీ అయిపోయాక డొమైన్‌ను పునరుద్ధరించలేదు, దాన్ని వేరేవాళ్లు తీసుకున్నారు. సీసా మాత్రం ఇంకా ఇళ్లలో ఉంది. కంపెనీ క్షమాపణ చెప్పింది. అది ప్రచార కోడ్ కాబట్టి పరువు నష్టంతో పోయింది. అదే కోడ్ వెనక చట్టం అడిగిన పదార్థాల జాబితా ఉండి ఉంటే, ఆ రోజు నుంచి మార్కెట్‌లో ఉన్న ప్రతి సీసా లేబుల్ లేని సీసా అయ్యేది.

ఇలాంటి ముప్పు మరోచోటా ఉంది. చాలా చిన్న కంపెనీలు నెలవారీ చందాతో నడిచే క్యూఆర్ సేవలను వాడుతుంటాయి. అక్కడ కోడ్‌లో ఉండేది కంపెనీ సొంత చిరునామా కాదు, సేవ ఇచ్చే సంస్థ చిరునామా. స్కాన్ చేస్తే ముందు అక్కడికి వెళ్లి, ఆ తర్వాత అసలు పేజీకి మళ్లుతుంది. చందా ఆపితే దారి మూసుకుపోతుంది. ఆ సంస్థే మూతపడితే కంపెనీ చేయగలిగేది ఏమీ ఉండదు. ఈ మళ్లింపు పద్ధతిలో సౌకర్యం ఉంది, అచ్చు మార్చకుండా పేజీ మార్చుకోవచ్చు. అయితే మళ్లింపు జరిగే డొమైన్ తయారీదారు సొంతదై ఉండాలి. చట్టం అడిగిన సమాచారానికి ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోవడం పెద్ద సాహసమే.

## ఏ ప్యాకెట్‌కు ఏ పేజీ

ఈ అంశం మీద చర్చ తక్కువ జరుగుతోంది. తనిఖీల్లో చిక్కు వచ్చేది మాత్రం ఎక్కువగా ఇక్కడే.

అచ్చు లేబుల్‌కు ఒక గుణం ఉంది. ప్యాకెట్ ఫ్యాక్టరీ దాటిన రోజున దాని మీద ఏముందో, ఏడాది తర్వాతా అదే ఉంటుంది. వెబ్ పేజీ అలా కాదు. మార్చిలో తయారైన బ్యాచ్‌లో ఒక తీపి పదార్థం వాడి, జూన్‌లో దాన్ని మార్చారనుకుందాం. జూన్‌లో పేజీని సవరిస్తారు. ఆ రోజు నుంచి, ఇంకా అల్మారాల్లో ఉన్న మార్చి ప్యాకెట్లను స్కాన్ చేసినా జూన్ జాబితానే కనిపిస్తుంది. అంటే పేజీని అప్‌డేట్ చేయడం వల్లే పాత ప్యాకెట్ల లేబుల్ అబద్ధమైంది. ఎవరూ తప్పు చేయాలనుకోలేదు. కోడ్ ఉత్పత్తికి ఒకటి చొప్పున ఉండటమే కారణం.

దీనికి పరిష్కారం బ్యాచ్ నంబరును కోడ్‌లోనే చేర్చడం. బార్‌కోడ్ ప్రమాణాలు నిర్ణయించే జీఎస్1 సంస్థ రూపొందించిన డిజిటల్ లింక్ పద్ధతి అందుకు వీలు కల్పిస్తుంది. వెబ్ చిరునామాలో 01 అనే గుర్తు తర్వాత 14 అంకెల ఉత్పత్తి సంఖ్య, 10 తర్వాత బ్యాచ్ నంబరు, 17 తర్వాత గడువు తేదీ, 21 తర్వాత సీరియల్ నంబరు వస్తాయి. సర్వర్ ఆ చిరునామాను చదివి, ఆ బ్యాచ్‌కు చెందిన పేజీనే చూపిస్తుంది. పాత పేజీ చెరిగిపోదు, కొత్తది దాని పక్కన చేరుతుంది. ఏ బ్యాచ్‌లోనైనా లోపం బయటపడి వెనక్కి పిలవాల్సి వస్తే, ఆ ప్యాకెట్లను స్కాన్ చేసినవాళ్లకు మాత్రమే హెచ్చరిక చూపించవచ్చు. అచ్చు లేబుల్‌తో ఎన్నడూ సాధ్యం కానిది ఇది.

దీనికి ధర కూడా ఉంది. ఉత్పత్తికి ఒకటే కోడ్ అయితే ఆర్ట్‌వర్క్‌లో ఒకసారి పెట్టేస్తే సరిపోతుంది. బ్యాచ్‌కొక కోడ్ అంటే ప్యాకింగ్ లైన్ మీదే, బ్యాచ్ నంబరు, తేదీ వేసే ప్రింటర్‌తోనే కోడ్‌నూ అచ్చు వేయాలి. ఆ వేగంలో కోడ్ చదవదగ్గ నాణ్యతతో పడాలంటే మంచి ప్రింటర్లు, వెంటనే సరిచూసే కెమెరాలు కావాలి. పెట్టుబడి పెట్టలేని చిన్న సంస్థలకు ఒక మధ్యేమార్గం ఉంది. ఉత్పత్తికి ఒకే కోడ్ ఉంచి, ఫార్ములా మారిన ప్రతిసారీ కొత్త కోడ్ తీసుకుని, పాత పేజీని అలాగే వదిలేయడం. వైన్ తయారీదారుల్లో చాలామంది చేస్తున్నది ఇదే. ప్రతి సంవత్సరపు వైన్‌కు ఒక కోడ్, ఒక పేజీ. కొన్ని సీసాలు పదేళ్ల తర్వాత తెరుస్తారు కాబట్టి ఆ పేజీలన్నీ అప్పటిదాకా బతికి ఉండాలి.

ఏ తేదీన పేజీలో ఏముందో చూపే రికార్డు కూడా ఉండాలి. అచ్చు లేబుల్ విషయంలో తనిఖీ అధికారికి ప్యాకెట్టే సాక్ష్యం. డిజిటల్ లేబుల్ విషయంలో ఆ సాక్ష్యాన్ని కంపెనీయే భద్రపరచుకోవాలి.

## 0.4 మిల్లీమీటర్ల లెక్క

కోడ్‌కు ఎంత చోటు కావాలన్నది చిరునామా పొడవును బట్టి, ఎంత నష్టాన్ని తట్టుకోవాలన్నదాన్ని బట్టి తేలుతుంది. క్యూఆర్ కోడ్‌లో కొంత భాగం చెడినా చదవగలిగేలా నాలుగు స్థాయిలు ఉన్నాయి. సుమారు 7, 15, 25, 30 శాతం నష్టాన్ని అవి తట్టుకుంటాయి. స్థాయి పెరిగేకొద్దీ గళ్లు పెరుగుతాయి.

60 అక్షరాల చిరునామాను తీసుకుందాం. 15 శాతం స్థాయిలో దానికి ఒక్కో వైపు 33 గళ్ల కోడ్ కావాలి. చుట్టూ నాలుగు గళ్ల వెడల్పు ఖాళీ అంచు తప్పనిసరి కాబట్టి మొత్తం 41. ఒక్కో గడి 0.4 మిల్లీమీటర్లయితే వైపుకు 16.4 మిల్లీమీటర్లు. అదే చిరునామాకు 30 శాతం స్థాయి కావాలంటే 45 గళ్లు, అంచుతో 53, అంటే 21.2 మిల్లీమీటర్లు. చిరునామా మొత్తాన్ని పెద్ద అక్షరాల్లో, అనుమతించిన గుర్తులతోనే రాస్తే కోడ్ దాన్ని మరింత కుదించి దాచుకుంటుంది. 15 శాతం స్థాయిలో 29 గళ్లే చాలు, అంచుతో కలిపి 14.8 మిల్లీమీటర్లు. అయితే సర్వర్ పెద్ద అక్షరాల చిరునామాను గుర్తించేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.

రెండు మిల్లీమీటర్ల కోసం ఇంత లెక్క ఎందుకంటే, చోటు చాలదనే కదా కోడ్ దాకా వచ్చింది. చిన్న ట్యూబ్ మీద రెండు సెంటీమీటర్ల చదరం ఆక్రమిస్తే మిగిలేది ఎంత?

అచ్చులో జరిగే తప్పులు చాలావరకు తెలిసినవే. ఖాళీ అంచులోకి బొమ్మ జొరబడుతుంది. ముదురు రంగు మీద లేత రంగు కోడ్ వేస్తారు. మెరిసే పొర మీద వెలుతురు తిరిగి కొడుతుంది. సన్నటి సీసా ఒంపులో సగం కోడ్ అవతలికి పోతుంది. మధ్యలో లోగో పెట్టి నష్టాన్ని తట్టుకునే శక్తిని ముందే ఖర్చు చేసేస్తారు, ఆ తర్వాత చిన్న గీత పడినా కోడ్ చదవదు. చట్టం కోసం పెట్టే కోడ్‌లో లోగోకు చోటు ఇవ్వకపోవడమే మేలు.

## స్కాన్ చేయలేనివాళ్లు, స్కాన్ వల్లే చదవగలిగేవాళ్లు

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు, నెట్‌వర్క్ అందని చోట ఉన్నవాళ్లకు, ఇవన్నీ టెన్షన్‌గా అనిపించే వృద్ధులకు సమాచారం దూరమవుతుందన్న అభ్యంతరం న్యాయమైనది. ప్రధాన వివరాలు అచ్చులోనే ఉంచమనడానికి, ఫోన్ నంబరు తప్పనిసరి చేయడానికి కారణం ఇదే.

నాణేనికి మరోవైపు కూడా ఉంది. 1.2 మిల్లీమీటర్ల అక్షరాలు చూపు తగ్గినవాళ్లకు ఎప్పుడూ అందలేదు. పూర్తిగా చూపు లేనివాళ్లకు అచ్చు లేబుల్ అసలు లేనట్టే. అదే సమాచారం పేజీలో ఉంటే ఫోన్ దాన్ని పైకి చదివి వినిపిస్తుంది, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, తెలిసిన భాషలో చూడవచ్చు. చూపు లేనివారి కోసం ఆహార ప్యాకెట్ల మీద క్యూఆర్ కోడ్ ఉంచాలని 2023లో భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ సూచించింది కూడా ఈ ఉద్దేశంతోనే. ఆ ప్రయోజనం దక్కాలంటే పేజీలో ఉన్నది అక్షరాల రూపంలో ఉండాలి. లేబుల్‌ను ఫొటో తీసి పెట్టేస్తే ఫోన్ చదవలేదు. కోడ్ ప్యాకెట్‌లో ఏ మూల ఉందో చేత్తో తడిమి తెలుసుకునే ఏర్పాటు కూడా ఉండాలి.

## నకిలీని కోడ్ పట్టుకుంటుందా

మామూలు కోడ్ పట్టుకోలేదు. నకిలీ తయారీదారు అసలు కోడ్‌ను ఫొటో తీసి యథాతథంగా అచ్చు వేస్తే, స్కాన్ చేసినవాళ్లకు అసలు కంపెనీ పేజీయే కనిపిస్తుంది. లేని నమ్మకం అదనంగా కలుగుతుంది.

యూరప్ మందుల పద్ధతి దీనికి భిన్నం. అక్కడ ప్రతి పెట్టెకూ వేరే సీరియల్ నంబరు ఉంటుంది. ఫార్మసీలో మందు ఇచ్చేటప్పుడు ఆ నంబరును డేటాబేస్‌తో సరిచూసి, వాడేసినట్టు నమోదు చేస్తారు. అదే నంబరుతో రెండో పెట్టె వస్తే వ్యవస్థ హెచ్చరిస్తుంది. రక్షణ ఇస్తున్నది పెట్టెకొక నంబరు, దాన్ని కచ్చితంగా సరిచూసే వ్యవస్థ. అవి లేని చోట క్యూఆర్ కోడ్‌ను అసలుదనానికి రుజువుగా చూపడం వినియోగదారులను తప్పుదోవ పట్టించడమే.

## 2027లో రానున్న మార్పులు

1974 జూన్ 26న అమెరికాలోని ఓహాయోలో తొలిసారి ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో బార్‌కోడ్ స్కాన్ అయింది. అప్పటి నుంచి ధర చూసేది ఆ గీతల కోడ్‌తోనే. 2027 చివరికల్లా దుకాణాల కౌంటర్లు క్యూఆర్ లాంటి చదరపు కోడ్‌లనూ చదివేలా సిద్ధం కావాలని జీఎస్1 లక్ష్యం పెట్టుకుంది. అది జరిగితే బిల్లింగ్‌కు, లేబుల్ వివరాలకు, బ్యాచ్ గుర్తింపుకు ఒకే కోడ్ సరిపోతుంది. మధ్య కాలంలో మాత్రం గీతల కోడ్, చదరపు కోడ్ రెండూ ప్యాకెట్ మీద ఉండాల్సిందే. చోటు మిగలడానికి ముందు మరికొంత తగ్గుతుంది.

ఒకే కోడ్‌తో అన్ని పనులూ చేయించడంలో చట్టపరమైన చిక్కు ఒకటి దాగి ఉంది. వైన్ లాంటి నిబంధనలు ప్రచారం కలవకూడదంటున్నాయి. అదే కోడ్‌ను మార్కెటింగ్‌కూ వాడితే, స్కాన్ చేసినవాళ్లకు ముందు ఏ పేజీ తెరుచుకోవాలి? చట్టం అడిగిన పేజీయే ముందు తెరుచుకుని, మిగతావి అక్కడ కలవకుండా వేరుగా ఉంటేనే ఇబ్బంది ఉండదు.

ఇక యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి బ్యాటరీల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అవుతుంది. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు, స్కూటర్ల వంటి తేలికపాటి వాహనాల బ్యాటరీలకు, 2 కిలోవాట్ అవర్స్ కంటే పెద్ద పారిశ్రామిక బ్యాటరీలకు అదే రోజు నుంచి డిజిటల్ పాస్‌పోర్ట్, అంటే బ్యాటరీ వివరాలను ఆన్‌లైన్‌లో చూపే రికార్డు, కావాలి. దాన్ని తెరిచేది ఆ కోడే. ప్యాకింగ్‌కు సంబంధించిన కొత్త యూరప్ నిబంధన 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తుంది, అందులోని ఉమ్మడి లేబుళ్ల అంశం 2028 ఆగస్టు తర్వాత వస్తుంది. ఈ మార్కెట్లకు ఎగుమతి చేసే ఏ దేశపు తయారీదారుకైనా ఇవి వర్తిస్తాయి.

ఇతర వస్తువులకూ పాస్‌పోర్ట్ పద్ధతిని విస్తరించేందుకు 2024లో వచ్చిన యూరప్ చట్టం ఇంతదాకా చెప్పుకున్న బలహీనతల్లో ఒకదాన్ని నేరుగా పట్టించుకుంది. పాస్‌పోర్ట్ సమాచారం నకలును కంపెనీకి సంబంధం లేని ఒక సేవా సంస్థ దగ్గర ఉంచాలి. తయారీదారు దివాలా తీసినా, వ్యాపారం మూసేసినా, నిర్ణీత కాలం పాటు ఆ సమాచారం దొరుకుతూనే ఉండాలి. క్యూఆర్ కోడ్ ద్వారా లేబుల్ చూపడానికి అనుమతించే మిగతా చట్టాల్లోనూ ఇలాంటి షరతు చేరే వరకు, డొమైన్ రుసుము, సర్వర్ ఖర్చు, పాత పేజీల భద్రత అన్నీ తయారీదారు సొంత బాధ్యతగానే లెక్కలో ఉంచుకోవాలి.